నాన్న రాసిన మూడు పాదాలు, రాయని నాలుగోది

మిల్లుకాలనీ_అమ్మాయి (విజయనగరం)

అందరికీ నమస్కారం. ఇక్కడ చాలాకాలంగా చదువుతున్నాను గానీ రాయడం ఇదే మొదలు.

మొన్న నాన్న నెలమాసికం అయింది. జూట్ మిల్లులో 31 ఏళ్ళు పనిచేశారు. ఆయన ట్రంకుపెట్టె సర్దుతుంటే పాత జీతం చీటీల కింద ఒక రూళ్ళ నోటుబుక్కు దొరికింది. తెరిస్తే ఇప్పటికీ గోగునార వాసనే. అందులో ఎక్కడెక్కడివో పద్యాలు ఎత్తి రాసుకున్నారు. ఆఖరి పేజీలో ఉన్నది మాత్రం ఎవరిదీ కాదు, ఆయనదే. కొట్టివేతలతో, దిద్దుబాట్లతో ఉంది.

మిల్లు కూత పిలిచె, మేలుకొంటిని నేను
పిల్ల చదువు, పెళ్ళి, పీకలోతు
కలము పట్టు వేళ కనుచూపు సన్నమై

అంతే. తర్వాత లేదు. నాన్న పద్యం కడతారని మా ఇంట్లో ఎవరికీ తెలీదు.

ఆ పిల్లని నేనే. ఆయనకి ఒక్కతే కూతుర్ని. 'పీకలోతు' అన్న మాట దగ్గర ఆగిపోయాను, పది రోజులై అక్కడే ఉన్నాను. ఆయన రాయాలనుకున్నది రాయలేకపోవడానికి కారణం నేనేనా? ఇది నా మీద ఫిర్యాదా? పద్యాలు తెలిసినవాళ్ళు దాచకుండా చెప్పండి. ఓదార్పు కోసం అడగడం లేదు.

తెలుగు_మాస్టారు (రాజాం)

అమ్మా, ముందు పద్యం గురించి చెబుతాను. అదొక్కటే నాకు చేతనైన పని.

ఇది ఆటవెలది. గణం అంటే గురువులూ లఘువులూ (బరువైన, తేలికైన అక్షరాలు) కలిసిన చిన్న గుంపు; పొట్టివి సూర్యగణాలు, కాస్త పొడుగువి ఇంద్రగణాలు. ఒకటో పాదంలో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు రావాలి. రెండో పాదంలో ఐదూ సూర్యగణాలే. మూడు మళ్ళీ ఒకటిలా, నాలుగు రెండులా నడుస్తాయి. పాదం మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ యతి, అంటే శబ్దం పొందిక, కుదరాలి. మీ నాన్నగారి పద్యంలో 'మి'కి 'మే', 'పి'కి 'పీ', 'క'కి 'క'. గణాలు లెక్కపెట్టి చూశాను, ఎక్కడా ఒక మాత్ర అటూ ఇటూ లేదు. షిఫ్టు దిగి వచ్చిన మనిషి, గురువు లేకుండా ఇంత శుద్ధంగా కట్టాడంటే ఎన్ని కాగితాలు చించి ఉంటాడో.

నీ ప్రశ్నకి వస్తాను. రెండో పాదంలో నాలుగో గణం 'పి', 'పీ', 'పె', 'పే' లాంటి, 'పి'తో పొసగే అక్షరంతో మొదలు కావాలి. 'పీకలోతు' వచ్చిందంటే సగం యతి తెచ్చిపెట్టిందే. దాన్ని పట్టుకుని నువ్వు నలిగిపోనక్కర్లేదు.

కోట_వాకిలి

చెల్లీ, నాన్నగారికి నా నమస్కారం.

ఇలాంటప్పుడు చదవాల్సింది వైరాగ్య పద్యాలని నా నమ్మకం. పోతన బలిచక్రవర్తి చేత అనిపించిన మాట చూడు: "కారే రాజులు? రాజ్యముల్ గలుగవే?" అని మొదలుపెట్టి "వారేరీ? సిరి మూటగట్టుకొని పోవంజాలిరే?" అంటాడు. ధూర్జటి "అంతా మిథ్య" అన్నాడు. అన్నమయ్య పుట్టడం నిజం, పోవడం నిజం, నట్టనడిమి పని నాటకం అన్నాడు. మన విజయనగరంలోనే ఆదిభట్ల నారాయణదాసుగారు ఒమర్ ఖయ్యాంని పారశీక మూలం నుంచి అటు సంస్కృతంలోకీ ఇటు అచ్చతెలుగులోకీ తెచ్చారు. హరికథ చెప్పి జనాన్ని ఊపేసిన మనిషి ఆ నాలుగేసి పాదాల పొట్టి పద్యాల కోసం అంత కష్టం ఎందుకు పడ్డారు? బతుకు పొట్టిదన్న సంగతి పొట్టి పద్యంలోనే సరిగ్గా ఇముడుతుందని నాకనిపిస్తుంది.

దువ్వూరి రామిరెడ్డిగారి 'పానశాల' (అదీ ఖయ్యాంకి తెలుగే) లోదీ ఒకటి ఉంది. ఈ లోకం ఓ పాత సత్రం, ఉదయం సాయంత్రం దానికి రెండు రంగుల వాకిళ్ళు. పాదుషాలు వేలమంది వచ్చి "కొంత సుఖించి పోయిరెటకో పెరవారికి చోటొసంగుచున్". ఆ 'చోటొసంగుచున్' దగ్గర నాకు ప్రతిసారీ గొంతు పట్టేస్తుంది. పోయారు అనడం వేరు, ఇంకొకరికి చోటిచ్చి పోయారు అనడం వేరు.

ఇవి పదేపదే చదువు. పీకలోతు అన్న మాట చిన్నదైపోతుంది.

మిల్లుకాలనీ_అమ్మాయి

అన్నయ్యా, ఆ పద్యాల్లో రెండు నాన్న నోటుబుక్కులోనే ఉన్నాయి. "అంతా మిథ్య" మొత్తం రాసుకుని, "చింతాకంతయు జింత నిల్పడుగదా" దగ్గర ఎర్ర సిరాతో గీత గీశారు. మా క్వార్టర్ ముందు చింతచెట్టు ఉండేది. ఆకు ఎంతుంటుందో నాకు తెలుసు, వేలి కొసకి అంటుకుంటే విదిలించినా పోదు. అంత చిన్న ఆకు పక్కన చింతని పెట్టడం ఎంత బాగుందో ఇప్పుడు తెలుస్తోంది.

కానీ ఆ పద్యాలు అందరి గురించీ చెబుతాయి. రాజులు పోయారు, పాదుషాలు పోయారు. నాకు పోయింది ఒక మనిషి. ఉదయం ఆరింటి షిఫ్టుకి నాలుగున్నరకే లేచి, మేం లేస్తామని చప్పుడు కాకుండా తలుపు గడియ తీసే మనిషి. ఆయన్ని ఆ రాజుల వరసలో కలిపేస్తే నాకు ఇంకా దూరమైపోతున్నాడు.

తెలుగు_మాస్టారు (రాజాం)

వాకిలిగారూ, ఒక చిన్న సవరణ. పోతన పద్యం శోకం కాదండీ. ఎదుట వామనుడు మూడడుగులు అడిగి నిలబడ్డాడు, పక్కన శుక్రాచార్యుడు ఇవ్వొద్దంటున్నాడు. అప్పుడు బలి అన్న మాట అది. ఎలాగూ మూటగట్టుకుపోలేం కనక ఇచ్చేస్తాను అని ధారపోసే ముందు చెప్పిన పద్యం. మనం దాన్ని పాడె పక్కన చదవడం అలవాటు చేసుకున్నాం గానీ, అది చెయ్యి చాపి ఇచ్చేవాడి పద్యం.

ఉద్దానం_తోట

నేను కవిని కాను, కొబ్బరి రైతుని. అయినా ఈ విషయంలో ఒక మాట చెప్పాలనుంది.

2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను మా మీంచే పోయింది. తెల్లారేసరికి మా తోటలో 86 చెట్లు పడిపోయాయి. కొన్ని వేళ్ళతో లేచిపోయాయి, కొన్ని మెడ దగ్గర విరిగి తల కిందికి వేలాడుతున్నాయి. జీడిమామిడి సంగతి చెప్పక్కర్లేదు. మా అయ్య ఏడవలేదు. కర్ర పట్టుకుని ఒక్కో చెట్టు దగ్గరికీ వెళ్ళి లెక్కపెట్టాడు. మర్నాడు మళ్ళీ లెక్కపెట్టాడు. వారం రోజులపాటు ఎవరొచ్చినా 'ఎనభై ఆరు' అన్నాడు. ఇంకో మాట లేదు.

అప్పుడు నాకు బళ్ళో చదివిన శ్రీనాథుడి చాటువు గుర్తొచ్చింది. ప్రౌఢదేవరాయల కొలువులో కనకాభిషేకం చేయించుకున్న కవి. ఆయన్ని పోషించిన రెడ్డి రాజ్యాలు పోయాక, కృష్ణ ఒడ్డున బొడ్డుపల్లెలో భూమి గుత్తకి తీసుకున్నాడు. పంట దక్కలేదు, శిస్తు కట్టలేకపోయాడు. శిక్ష వేశారు. ఆ శిక్షని ఎలా చెప్పుకున్నాడో చూడండి:

"కవిరాజు కంఠంబు కౌగిలించెను గదా
పురవీథి నెదురెండ పొగడదండ"

పొగడదండ అంటే పూలదండా అవుతుంది, బాకీదారుడి మెడకి వేసే శిక్షా అవుతుంది. అదొచ్చి కవిరాజు మెడని 'కౌగిలించింది'. వెదురు గొడియ (చేతి బేడీ) వచ్చి ముంజేతితో 'వియ్యమందింది'. నల్లగుండు (బండరాయి) భుజం 'ఎక్కింది'. అన్నీ పెళ్ళింటి మాటలే. ప్రతి పాదంలోనూ ముందు తానెవరో చెప్తాడు, ఆంధ్రనైషధకర్త అని, సార్వభౌముడని. మధ్యలో 'గదా' అంటాడు. ఆ తర్వాత సంకెల. నాలుగు పాదాల్లోనూ ఆ 'గదా' ఒక్కటే నిట్టూర్పు.

ఆఖర్న లెక్క చెప్తాడు. "కృష్ణవేణమ్మ గొనిపోయె నింత ఫలము", కొంత పంట ఏరు పట్టుకుపోయింది. నువ్వులూ పెసలూ పిట్టలు తినిపోయాయి. "ఎట్లు చెల్లింతు టంకంబు లేడు నూర్లు". ఏడు వందల టంకాలు, ఆనాటి నాణేలు. అంతే, పద్యం అయిపోయింది.

ఇందులో నన్ను పట్టుకున్నది ఏమిటంటే, పంట ఊడ్చుకుపోయిన ఏటిని కూడా ఆయన 'కృష్ణవేణమ్మ' అన్నాడు. తిట్టలేదు. మా వంశధారని మేమూ అంతే. పొలంలో ఇసుక మేట వేసి పోయినా మళ్ళీ ఏడాది దణ్ణం పెట్టే నీళ్ళు తోడుకుంటాం.

అమ్మా, మీ నాన్నగారు చేసిందీ అదే. మిల్లు కూత, పిల్ల చదువు, పెళ్ళి, కనుచూపు. శిస్తు లెక్కలా ఒక్కోటీ పెట్టుకుంటూ పోయారు. ఏడు వందల టంకాలకి శ్రీనాథుడు ఎవరినీ నిందించలేదు. ఎనభై ఆరు చెట్లకి మా అయ్యా నిందించలేదు. పోయింది ఎంతో నోటితో ఒకసారి చెప్పుకోకపోతే ఊపిరాడదు, అందుకు చెప్పుకుంటారు. మీ మీద ఫిర్యాదని నాకైతే అనిపించలేదు.

మా అయ్యకి అప్పటికి డెబ్భై దాటాయి. ఆ సంక్రాంతి లోపలే కొత్త మొక్కలు తెచ్చి నాటించాడు. మా నాటు రకం కాపుకి రావాలంటే ఆరేడేళ్ళు పడుతుంది. ఆయనకీ తెలుసు.

హార్మోనియం

తోటగారి పోస్టు రెండుసార్లు చదివాను. నేను బొబ్బిలి వైపు నాటకాలకి హార్మోనియం వాయిస్తాను. జాతర్లలో హరిశ్చంద్ర ఆడితే కాటిసీను కోసమే జనం తెల్లవారుజాము దాకా కూర్చుంటారు. నాటకం బలిజేపల్లివారిది, కానీ కాటిసీనులో పాడేవి చాలామటుకు జాషువాగారి శ్మశానవాటి పద్యాలు. "ఎన్నో యేండ్లు గతించిపోయినవి గాని" అని ఎత్తుకోగానే జనంలో బీడీలు ఆరిపోతాయి.

అది శార్దూలం అనే ఛందస్సు. మొదటి మూడు అక్షరాలూ గురువులే. 'ఎన్' 'నో' 'యేం' అని మూడు బరువైన అడుగులు పడతాయి, శవాన్ని మోసేవాళ్ళు నడిచినట్టు. ఆ మూడింటికీ నేను బెల్లోస్ నెమ్మదిగా తొక్కుతాను, లేకపోతే పద్యం పరిగెడుతుంది. పైన చెప్పిన "కారే రాజులు", "అంతా మిథ్య" కూడా శార్దూలాలే, అదే నడక.

ఇక్కడ నాకు కావలసిన మాట రెండో సగంలో ఉంది. ఎన్నాళ్ళీ కదలని నిద్ర అని అడిగి, వెంటనే "ఏ తల్లులల్లాడిరో" అంటాడు. పోయినవాడి మీంచి చూపు తిప్పి, వాడి తల్లి వైపు చూస్తాడు. అక్కడి రాళ్ళు ఆమె కన్నీటికే కాగిపోయాయంటాడు. వైరాగ్యం అంటే అందరినీ ఒకే గాటన కట్టడం అనుకుంటారు గానీ, శ్మశానంలో నిలబడి కూడా ఒక తల్లిని వెతికాడు చూడండి. చెల్లెమ్మ గడియ చప్పుడు గురించి రాసింది చదవగానే నాకు అదే గుర్తొచ్చింది.

నాగావళి_గట్టు (శ్రీకాకుళం)

అందరూ పెద్ద కవుల గురించి రాశారు. నేను మా మామ్మ గురించి రాస్తాను. చదువు లేదు. ఊళ్ళో ఎవరు పోయినా శోకం పెట్టడానికి మామ్మని పిలిచేవారు. మా తాత పోయినప్పుడు పెట్టిన శోకంలో కొంత నాకింకా చెవిలో ఉంది.

"ఎద్దులకి కుడితి ఎవులెడతారు నాయనో
దుక్కి కాలమొచ్చీసినాది, నాగలెవులు పడతారు నాయనో
ఏరు దాటించి నన్నెవులు తెస్తారు నాయనో"

స్వర్గం లేదు, మిథ్య లేదు. పోయిన మనిషి చేసే పనులన్నీ ఒక్కోటీ పేరుపెట్టి పిలుస్తుంది, ఇక ఎవరు చేస్తారని అడుగుతుంది. శ్రీనాథుడిదే అని చెప్పుకునే ఆఖరి పద్యమూ ఇదే కదండీ. వీరారెడ్డి పోయాడు, ఇక రత్నాంబరాలు ఎవరిస్తారు? విస్సనమంత్రి పోయాడు, బంగారు పళ్ళెంలో అన్నం ఎవరి పంక్తిన? మైలారు విభుడు పోయాడు, దినవెచ్చం ఎవరు తీరుస్తారు? రత్నాంబరాల దగ్గర మొదలుపెట్టినా రోజు ఖర్చునీ వదల్లేదు. మా మామ్మ కుడితి దగ్గర మొదలుపెట్టింది.

ఇప్పుడు 'పీకలోతు' గురించి. నది పక్కన పుట్టినవాణ్ణి కనక నాకు ఆ మాట నీళ్ళతోనే వినిపిస్తుంది. మా చిన్నప్పుడు వరద వీధిలోకి వచ్చేసింది. మా నాన్న నన్ను మెడ మీద ఎక్కించుకుని బడి మేడ దాకా నడిచాడు. నీళ్ళు ఆయన పీక దాకా ఉన్నాయి. నా కాళ్ళు మాత్రమే తడిశాయి. పీకలోతు నీళ్ళల్లో నడిచేవాడు మునిగిపోలేదు. నడుస్తున్నాడు, భుజం మీద ఒకర్ని మోస్తున్నాడు. నేనైతే మీ నాన్నగారి మాటని అలాగే చదువుకుంటానమ్మా.

మిల్లుకాలనీ_అమ్మాయి

గట్టుగారూ, మీ పోస్టు అమ్మకి చదివి వినిపించాను. ఇప్పుడింకేమీ రాయలేను.

తెలుగు_మాస్టారు (రాజాం)

నా మొదటి పోస్టులో ఒకటి తప్పు చెప్పాను, సరిదిద్దుకుంటాను. యతి కోసమే ఆ మాట వచ్చిందన్నాను. రాత్రి కూర్చుని చూస్తే 'పిల్ల చదువు పెళ్ళి పేర్మితోడ' (ప్రేమతో) అనొచ్చు, గణాలూ కుదురుతాయి, యతీ కుదురుతుంది. వినడానికి మర్యాదగా కూడా ఉంటుంది. 'పేర్మితోడ' లాంటి మాట శతకాలు ఎత్తి రాసుకున్న మనిషికి తెలియకపోదు. ఆయన దాన్ని తీసుకోలేదు. కష్టాన్ని కష్టం అనే రాశారు. నీకు ఓదార్పుగా ఉంటుందని నేను దాన్ని యతి మీదకి నెట్టేశాను, అది ఆయనకి చేసిన అన్యాయం.

కానీ కష్టమైంది అనడానికీ, వద్దనుకున్నాను అనడానికీ మధ్య చాలా దూరం ఉంది. గురజాడవారి పూర్ణమ్మ తెలుసు కదా. డబ్బు తీసుకుని ముసలివాడికి కట్టబెట్టారు. దుర్గ గుడి కొలనుకి వెళ్ళే ముందు ఇంట్లోవాళ్ళకి చెప్పే మాటలు చూడు:

"నలుగురు కూర్చుని నవ్వే వేళల
నా పేరొకతరి తలవండి"

ఏడ్చేటప్పుడు తలుచుకోమనలేదు, నవ్వేటప్పుడు అంది. రోజూ అనలేదు, 'ఒకతరి' అంది. నాలుగేసి మాత్రల నడక, జోలపాటకి సరిపోయే నడక. అంత అన్యాయం జరిగిన పిల్ల కూడా దాన్ని శాపంగా అనలేదు. ఆమె మునిగిపోయిందని గురజాడ ఎక్కడా అనడు. కన్నుల కాంతులు కలువలని చేరాయి, నడకల సొగసు హంసలని చేరింది, "దుర్గను జేరెను పూర్ణమ్మ". 'చేరెను' అనే మాటనే తిప్పితిప్పి వాడి ఊరుకున్నాడు. 40 ఏళ్ళు పాఠం చెప్పాను, ఆ 'చేరెను' దగ్గరికొచ్చేసరికి ప్రతి ఏడూ పుస్తకంలోకి తల దించుకునేవాణ్ణి.

అమ్మా, ఒక సందేహం. నాలుగో పాదం చోట అసలేమీ లేదా? ఒక అక్షరమైనా?

మిల్లుకాలనీ_అమ్మాయి

మాస్టారూ, మీరడిగాక కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూశాను. అక్షరాలు లేవు. పెన్సిల్‌తో నాలుగు నిలువు గీతలున్నాయి, సమదూరంలో. ముందు నోటుబుక్కు మడతలనుకున్నాను.

తెలుగు_మాస్టారు (రాజాం)

గణవిభజన అది. నాలుగు గీతలు గీస్తే ఐదు గదులవుతాయి. ఐదు సూర్యగణాలకి చోటు పెట్టి ఉంచారు.

కోట_వాకిలి

పొద్దున్నుంచి ఆ ఐదు గదులే కళ్ళముందు ఉన్నాయి. చెల్లీ, తప్పుగా అనుకోకు. నాకొక పాదం తోచింది, రాయకుండా ఉండలేకపోతున్నాను.

కాగితమ్ము మిగిలె, కలము మిగిలె

గణాలు చూసుకున్నాను. 'కా'కి 'క' యతి. వైరాగ్యం చదువుకో అని ఊరికే నోటికొచ్చినట్టు చెప్పినందుకు ఇది నా వంతు అనుకో.

హార్మోనియం

బాగుంది అన్నా. పాడి చూశాను, దిగే చోట సరిగ్గా దిగుతోంది.

ఉద్దానం_తోట

పాదం బాగుంది. కానీ పెన్నుతో ఎక్కించొద్దు. ఆ గదులు ఆయన కట్టినవి. మా అయ్య నాటిన వరసలో ఒక మొక్క చచ్చిపోయింది, ఆ గుంత అలాగే ఉంచాం. ఆయన తవ్విందని.

నాగావళి_గట్టు (శ్రీకాకుళం)

తోటగారి మాటే నాదీ. వేరే కాగితం మీద రాసి ఆ పేజీలో పెట్టుకోండి.

మిల్లుకాలనీ_అమ్మాయి

వేరే కాగితం మీదే రాశాను అన్నయ్యా. ఈ సాయంత్రం అమ్మని కూర్చోబెట్టి నాన్న మూడు పాదాలూ చదివి, ఆగి, మీది చదివాను.

అమ్మకి చదవడం రాదు. మీ పాదం దగ్గర ఏమీ అనలేదు. మూడోది మళ్ళీ చదవమంది. "కలము పట్టు వేళ కనుచూపు సన్నమై". రెండోసారి చదివేసరికి "అద్దాలు చేయించుకోమని ఎన్నిసార్లు మొత్తుకున్నాను" అని లేచింది. బీరువా పై అరలోంచి నాన్న చొక్కాజేబు పర్సు తెచ్చి నా చేతిలో పెట్టింది. అందులో నాలుగు మడతలు వేసిన చీటీ ఉంది, కంటి పరీక్ష చేయించుకున్నప్పటిది. కుడి కన్ను ప్లస్ రెండున్నర, ఎడమ కన్ను రెండు ముప్పావు.

అద్దాలు చేయించుకోలేదు. చీటీ మీద తేదీ చూశాను. నా పెళ్ళికి పదకొండు రోజుల ముందుది.